గరివిడి గుంతలు, సోంపేట బీలలు: పెట్టుబడి పద్దులో ఉత్తరాంధ్ర

విజయనగరం జిల్లాలో చీపురుపల్లి నుంచి గరివిడి, గర్భాం వైపు వెళ్తుంటే అక్కడక్కడా నీళ్లు నిలిచిన లోతైన గుంతలు, వాటి పక్కన నల్లటి రాళ్ల గుట్టలు కనిపిస్తాయి. కొత్తవాళ్లు పాత చెరువులనుకుంటారు. అవి మాంగనీసు తవ్వుకోగా మిగిలిన గనులు. దేశంలోనే మొట్టమొదటి మాంగనీసు తవ్వకం 1892లో ఈ చుట్టుపక్కలే, కోడూరు దగ్గర మొదలైంది. అప్పటికి టాటా ఉక్కు కంపెనీ పుట్టడానికి ఇంకా 15 ఏళ్లుంది. ఇక్కడి జనానికి ఆ ఖనిజంతో పెద్దగా పనేమీ లేదు. తవ్విన రాయి రేవుకు చేరి, ఓడలెక్కి, సముద్రాల అవతల ఉక్కు కొలుములకు పోయింది.

దాని కథ ఇంగ్లండులో మొదలవుతుంది. 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చి ఉక్కు తయారీ చవకైంది. కానీ ఆ ఉక్కు పెళుసుగా ఉండేది. కరిగిన లోహంలోని ఆక్సిజన్‌నూ గంధకాన్నీ కట్టడి చేయడానికి మాంగనీసు కలపాలని తేలింది. దాంతో ప్రపంచమంతా మాంగనీసు వేట మొదలైంది. అప్పట్లో అతిపెద్ద గనులు రష్యా సామ్రాజ్యంలోని జార్జియాలో ఉండేవి. 1905లో రష్యాలో విప్లవం రేగి అక్కడి సరఫరా దెబ్బతినగానే భారతదేశపు మాంగనీసుకు ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. గర్భాంలో పలుగు పట్టిన కూలీకి జార్జియా ఎక్కడుందో తెలియదు. అతని పని దినాలు మాత్రం అక్కడి సమ్మెల మీద ఆధారపడ్డాయి.

ఉత్తరాంధ్రను గురించి మాట్లాడే ప్రతి వేదిక మీదా ఒక మాట వినిపిస్తుంది: ఇది వెనుకబడిన ప్రాంతం, పెట్టుబడి రావాలి, అప్పుడే బాగుపడుతుంది. చరిత్ర చూస్తే ఈ మాట నిలబడదు. పెట్టుబడి ఈ ప్రాంతానికి రెండు వందల ఏళ్ల కిందటే వచ్చింది, చాలాసార్లు వచ్చింది. ప్రతిసారీ ఇక్కడి ప్రకృతిలోంచి ఒక్క వస్తువును విడదీసి తీసుకుంది. దాని ధర ఎక్కడో దూరాన నిర్ణయమైంది. ఆ వస్తువు చుట్టూ అల్లుకుని ఉన్న నీరు, మేత, చేప, కట్టెపుల్ల ఏ పద్దులోనూ చేరలేదు. గిరాకీ పోయాక పెట్టుబడి మరోచోటికి వెళ్లింది, గుంత ఇక్కడే ఉండిపోయింది. ఈ జిల్లాల పేదరికానికి ఇదొక్కటే కారణమని కాదు. కానీ ఇది లేకుండా చెప్పే కారణం ఏదీ పూర్తిది కాదు.

పూర్వం రాజులు అడవులు కొట్టలేదా, శిస్తులు పిండలేదా అని అడగవచ్చు. కొట్టారు, పిండారు కూడా. సోవియట్ యూనియన్ అయితే పెట్టుబడిదారులు లేకుండానే పత్తి కోసం ఆరల్ సముద్రాన్ని ఎండగట్టింది. కాబట్టి ప్రకృతిని పాడుచేయడం ఒక్క పెట్టుబడికే పేటెంటు కాదు. దాని ప్రత్యేకత వేరే ఉంది. రాజుగారి కోటకు కావలసిన కలపకు ఒక హద్దుండేది, కోట పూర్తయితే గొడ్డలి ఆగేది. లాభం కోసం కొట్టే కలపకు అలాంటి హద్దు లేదు. ఈ ఏడు వచ్చిన లాభం వచ్చే ఏడు ఇంకా పెద్ద తవ్వకానికి మదుపు అవుతుంది. దానికి తోడు, అమ్మాలంటే ముందు అది ఎవరో ఒకరి సొత్తు కావాలి. ఊరందరిదిగా ఉన్నదాన్ని ఎవరూ అమ్మలేరు. అందుకే ప్రతిచోటా తవ్వకం కంటే ముందు కాగితం వచ్చింది.

శ్రీకాకుళం సర్కారుతో సహా ఉత్తర సర్కార్లు 1765–66లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. 1794 జులై 10న పద్మనాభం దగ్గర విజయనగరం రాజు చిన విజయరామరాజు కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయారు. ఆ యుద్ధానికి కారణం కూడా డబ్బే, కంపెనీ అడిగిన పేష్కషు, అంటే కప్పం బకాయిలే. ఆ తర్వాత 1802లో శాశ్వత శిస్తు ఏర్పాటు వచ్చింది. విజయనగరం జమీందారీకి 24 పరగణాలు, 1,157 గ్రామాలు రాసిచ్చి, ఏటా 5 లక్షల రూపాయల పేష్కషు ఖరారు చేశారు. చూడ్డానికి ఇది పన్నుల వ్యవహారం. అసలు మార్పు దాని అడుగున ఉంది. ఒక ఎకరంలో పండే గింజ మీద కాకుండా, కొండా గెడ్డా (వాగు) చెరువూ బందా (చిన్న కుంట) కలిపి మొత్తం భూభాగం మీద ఒక రూపాయి అంకె వేశారు. ఆ అంకె వాన పడినా పడకపోయినా మారదు. జమీందారు గడువులోగా కట్టకపోతే ఎస్టేటు వేలానికి వస్తుంది. దాంతో ఊరి కట్టెలు, పచ్చిక, చెరువు గర్భం, కొండ మీది చింతచెట్లు అన్నీ ఏదో ఒక రాబడి ఇవ్వాల్సినవిగా మారాయి.

ఈ ఒత్తిడి కింద ఏం జరుగుతుందో చెప్పడానికి మందస చాలు. శ్రీకాకుళం జిల్లాలో మహేంద్రగిరి నీడన ఉన్న ఆ జమీందారీలో రైతులు తరతరాలుగా అడవి నుంచి నాగళ్లకు, ఇళ్లకు, పొయ్యికి కర్ర తెచ్చుకునేవారు. జమీందారు దాన్ని దొంగతనమన్నాడు. 1940 మార్చిలో పలాసలో కిసాన్ సభ జరిగింది. ఆ ఊపులో రైతులు బళ్లు కట్టుకుని అడవికి వెళ్లి కలప కొట్టుకొచ్చారు. అరెస్టులకు పోలీసులు వచ్చారు. ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో జరిగిన కాల్పుల్లో సాసుమాన గున్నమ్మ, మరికొందరు రైతులు చనిపోయారు. గున్నమ్మ అప్పుడు నిండు గర్భిణి. వీరగున్నమ్మ అని ఇప్పటికీ ఆ ప్రాంతంలో తలుచుకుంటారు. గొడవంతా బండెడు కర్ర గురించి. ఆ కర్ర రైతుకు వంటచెరకూ పనిముట్టూ, ఎస్టేటుకు మాత్రం రాబడి.

ఎస్టేటుకు రాబడి తెచ్చే గిరాకీ ఎక్కడిది? అందులో పెద్ద వాటా రైలుది. మద్రాసు వైపు నుంచి కటక్ వైపు వెళ్లే తూర్పు తీర రైలుమార్గం 1893–96 మధ్య పడింది. ఆ రోజుల్లో ఒక మైలు పట్టాలకు 1,760 నుంచి 2,000 స్లీపర్ దుంగలు కావాలి. విజయనగరం నుంచి ఇచ్ఛాపురం దాకా 100 మైళ్లకు పైమాటే. ఒక్క వరుస లైనుకే దాదాపు 2 లక్షల దుంగలన్నమాట. అవి పుచ్చిపోయాక మళ్లీ మార్చాలి. గుగ్గిలం లాంటి గట్టి చెట్టు దుంగకు పనికొచ్చే లావు కావడానికి మనిషి జీవితకాలమంత పడుతుంది. 1882 మద్రాసు అటవీ చట్టం ప్రభుత్వ అడవులకు సరిహద్దు రాళ్లు పాతింది. జమీందారీ కొండల మీద పెత్తనం ఎస్టేట్లదే. ఇద్దరి దృష్టిలోనూ ముద్దాయి ఒక్కరే, పోడు కొట్టుకునే సవర, జాతాపు. కొండవాలు మీద రెండు మూడేళ్లు పండించి, మళ్లీ చెట్లు ఎదిగేదాకా వదిలేసే ఆ సేద్యాన్ని అడవికి శత్రువని రాశారు. విశ్రాంతి ఇచ్చే భూమి తగ్గిపోయి, అదే వాలును మాటిమాటికీ కొట్టాల్సి వచ్చాక పోడు నిజంగానే కొండకు చేటు చేసింది. కానీ భూమి తగ్గించినవాళ్ల పేరు ఆ నివేదికల్లో కనిపించదు.

కొండకూ మైదానానికీ మధ్య లెక్క తేలేది సంతలో. అక్కడ తూకం గిరిజనుడి వైపు ఎప్పుడూ మొగ్గలేదు. ఉప్పు సంగతే చూడండి. 1805లో మద్రాసు ప్రభుత్వం ఉప్పును తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకుంది. నౌపడ లాంటి చోట ఉప్పుమళ్లలో పండినదంతా సర్కారుకే, సర్కారు చెప్పిన ధరకే ఇవ్వాలి. సర్కారు మాత్రం దాన్ని ఎన్నో రెట్లకు అమ్ముకుంటుంది. సముద్రం ఒడ్డున ఊరికే గడ్డకట్టే ఉప్పు సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండలెక్కేసరికి ప్రియమైన సరుకైపోయేది. దానికి బదులుగా గిరిజనులు చింతపండు, అడ్డాకులు, కరక్కాయలు ఇచ్చుకున్నారు. కరక్కాయ ఇక్కడ దగ్గుకు వాడే కాయ. ఐరోపాలో తోళ్లు ఊనడానికి అది కావాలి, టన్నులకొద్దీ ఓడలెక్కింది. మధ్యలో ఉన్న షావుకారు ఉప్పూ బట్టా ముందుగా అప్పిచ్చి, కాయలు చాలనప్పుడు భూమి రాయించుకునేవాడు. ఇది ఎంత దూరం పోయిందంటే, 1917లోనే బ్రిటిష్ ప్రభుత్వం ఏజెన్సీలో వడ్డీలకూ భూమి బదిలీకీ అడ్డుకట్ట వేస్తూ చట్టం చేయాల్సి వచ్చింది. 1956లో గిరిజన సహకార సంస్థ వచ్చింది, 1959లో భూబదిలీ నిబంధన వచ్చింది. ఇవేవీ చాలలేదని 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు తుపాకీ గుళ్లకు చనిపోయినప్పుడు తేలిపోయింది. శ్రీకాకుళ గిరిజన పోరాటాన్ని రాజకీయ సిద్ధాంతాల చరిత్రగా చాలామంది రాశారు. దాని పునాది మాత్రం చింతపండు ధర, కుదువ పెట్టిన పొలం. ఆ పోరాటపు వేడిలోనే 1970లో, గిరిజన ప్రాంతాల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం వచ్చింది. సీతంపేట, పార్వతీపురం, కురుపాం కొండలు 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి. జిల్లా మారినా సంత తీరు ఒక్కరోజులో మారదు.

మైదానంలో కథ పంటల మీద నడిచింది, అందులో రష్యా మళ్లీ తగులుతుంది. స్కాట్లండులోని డండీ మిల్లులు రష్యా నార మీద బతికేవి. 1854–56 క్రిమియా యుద్ధంతో ఆ నార రావడం కష్టమైంది, మిల్లులు జనపనార (జూట్) వైపు మళ్లాయి. బెంగాల్ జూట్ ప్రపంచ సరుకైంది. దాని వెనకే విజయనగరం, శ్రీకాకుళం మెట్టభూముల గోగునార కూడా బజారుకెక్కింది. ఎగుమతి అయిన భీమిలి రేవు పేరు మీద దానికి ‘బిమ్లీపట్నం జూట్’ అనే పేరు స్థిరపడింది. చిట్టివలసలో, నెల్లిమర్లలో మిల్లులు లేచాయి.

గోగునార మనిషి ఒంటి మీద, ఊరి నీటి మీద ఏం చేస్తుందో దగ్గర్నుంచి చూస్తే గాని తెలియదు. కోసిన గోగు కట్టలను చెరువులోనో బందలోనో ముంచి, పైన మట్టి, రాళ్లు పెట్టి రెండు మూడు వారాలు ఊరనిస్తారు. పుల్ల మీది జిగురు కుళ్లితే గాని నార ఊడిరాదు. ఆ వారాల్లో నీళ్లు నల్లబడి కంపు కొడతాయి. నీటిలో ఆక్సిజన్ తగ్గి చేపలు తేలిపోతాయి. మోకాళ్ల లోతు నీళ్లలో రోజంతా నిలబడి నార ఒలిచేవాళ్ల కాళ్లూ చేతులూ పాస్తాయి. తాగునీటికి, పశువులకు, చేపలకు పనికొచ్చే చెరువు అన్నాళ్లూ మిల్లుకు ఉచితంగా దొరికిన నానబెట్టే తొట్టి అన్నమాట. గోనెసంచి ధరలో గోగు విత్తనం ఖర్చుంది, కూలి ఉంది, రవాణా ఉంది. చెరువు లేదు. ఎరువు సంగతీ అంతే, నువ్వులూ నూనెగింజలూ ఓడెక్కినప్పుడు వాటితో పాటు పొలంలోని సారం కూడా ఓడెక్కింది. పంట పండిన చోటికి అది తిరిగి రాకపోవడం ఎంత ప్రమాదమో 19వ శతాబ్దంలోనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ హెచ్చరించాడు. ఐరోపా ఆ లోటును పెరూ దీవుల పక్షిరెట్టతో, బయటి దేశాల ఎముకలతో పూడ్చుకుంది. విజయనగరం మెట్టకు అలా పూడ్చేవాళ్లెవరూ లేరు.

గోనెసంచిని తర్వాత ప్లాస్టిక్ సంచి తరిమింది. ధాన్యం జూట్ సంచుల్లోనే నింపాలన్న 1987 చట్టం అడ్డుపడి మిల్లులను కొంతకాలం నిలబెట్టింది. నీలిమందుకు అలాంటి చట్టం కూడా దొరకలేదు. భీమిలి రేవు నుంచి పోయే నీలిమందును 1897లో జర్మనీ కంపెనీ బాస్ఫ్ బజారులోకి దించిన కృత్రిమ నీలి కొద్ది ఏళ్లలోనే చంపేసింది. ఒక విధంగా అది మేలే, నీలి పండించిన రైతు ఎక్కడా సుఖపడలేదు. గమనించాల్సింది ఏమిటంటే, వచ్చినప్పుడూ పోయినప్పుడూ కారణం ఈ నేలలో లేదు.

వేరే దారి అసలు లేదా అంటే పొందూరును చూపిస్తారు, న్యాయంగానే. కొండపత్తి నుంచి గింజా చెత్తా తీయడానికి అక్కడి ఆడవాళ్లు వాలుగ చేప దవడ ఎముకను వాడతారు. దాని సన్నటి పళ్ల మధ్య పత్తిని దువ్వితే దూది పోగులు ఒకే వైపు తిరుగుతాయి, దూది తళతళలాడుతుంది. ఆ దూదితోనే వంద నంబరు దాటిన సన్ననూలు వడుకుతారు. కొండవాలు పత్తి, మంచినీటి చేప, చేతిపని ఒకదానికొకటి అమరిన ఇలాంటి తయారీ మిల్లులకు సాధ్యం కాలేదు. లాంకషైర్ బట్ట వచ్చి శ్రీకాకుళం మస్లిన్‌ను బజారు నుంచి తుడిచేసినా పొందూరు మిగిలింది, 1921లో గాంధీజీ రాతల్లోకెక్కింది. అయితే దీన్ని మరీ ముద్దు చేసుకోకూడదు. సన్నఖద్దరు పంచె ఎంత ధర పలికినా, నూలు వడికే ముసలామె చేతికొచ్చేది కూలికి వెళ్తే వచ్చేదానికంటే తక్కువే. కొత్తతరం ఆ చరఖా ముందు కూర్చోవడం లేదు, కూర్చోమని చెప్పే హక్కు పంచె కట్టుకునేవాళ్లకు లేదు.

భూమి నుంచి తీసుకున్న సరుకుల్లో మనుషులు కూడా ఉన్నారు. 1866లో ఒడిశాను ఊడ్చేసిన కరువు అప్పటి గంజాం జిల్లానూ, అంటే నేటి శ్రీకాకుళం ఉత్తర భాగాన్నీ వదల్లేదు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఈ తీరం నుంచి వేలమంది బర్మాలోని రంగూన్‌కు ఓడలెక్కారు. ఐరావతి డెల్టా అడవులు నరికి ప్రపంచానికి బియ్యం పండించే పని అక్కడ జోరుగా సాగుతోంది. బియ్యం మిల్లుల్లో, రేవులో బస్తాలు మోయడానికి మనుషులు కావాలి. ఇక్కడ చెరువులు పూడి పంట లేనివాడు అక్కడి అడవి నరికిన నేల మీది బియ్యం మోశాడు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద అల్లర్లు జరిగాయి, చాలామంది ప్రాణాలు పోయాయి. ఇక్కడ వాళ్ల ఇళ్లకు అందిన మనియార్డర్లు ఏ ఎగుమతి లెక్కలోనూ లేవు.

1931లో విజయనగరం–రాయపూర్ లైను, 1933లో విశాఖ ఓడరేవు వచ్చాక భీమిలి, కళింగపట్నం, బారువ రేవులు చప్పబడ్డాయి. స్వాతంత్ర్యం తర్వాత పద్ధతి మారిందా? కొంత మారింది. దారి మాత్రం మారలేదు. 1960ల్లో బైలాడిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి కిరండూల్–కొత్తవలస లైను వేశారు. నాటి నుంచి ఎస్.కోట మీదుగా ఆ గూడ్సు బళ్లు తిరుగుతూనే ఉన్నాయి.

ఇంతకంటే పెద్ద మార్పు చప్పుడు లేకుండా 1948లో జరిగింది. ఎస్టేట్ల రద్దు చట్టం జమీందార్లను తీసేసింది, రైతుకు పట్టా ఇచ్చింది. ఆ మేలును తక్కువ చేయనక్కర్లేదు. కానీ ఊరుమ్మడి భూములు, చెరువులు, అడవులు నేరుగా ప్రభుత్వానికి దఖలు పడ్డాయి. జమీందారు ‘నాది’ అన్నదాన్ని ఇప్పుడు రెవెన్యూ శాఖ ‘ప్రభుత్వ పోరంబోకు’ అని రాసుకుంది. ఊళ్లు ఏళ్ల తరబడి దాన్ని వాడుకుంటూనే ఉన్నాయి కాబట్టి తేడా తెలియలేదు. 2000ల్లో థర్మల్ విద్యుత్ కంపెనీలు తీరం వెంట భూమి వెతుక్కుంటూ వచ్చినప్పుడు తెలిసింది.

సోంపేట బీల ఎలా పనిచేస్తుందో ఒకసారి చూడాలి. మహేంద్రగిరి వాలుల నుంచి దిగే వాననీరు సముద్రం వైపు వస్తుంది. తీరం వెంట ఉన్న ఇసుకదిబ్బలు దాన్ని ఆపుతాయి. దిబ్బల వెనక పల్లంలో నీరు పరుచుకుని నెలల తరబడి నిలుస్తుంది. అదే బీల. కేవిటి, కండ్ర కులాలవాళ్లు అందులో చేపలు పడతారు. రైతులు పక్క పొలాలకు నీళ్లు తోడుకుంటారు. నీరు వెనక్కి తగ్గిన చోట పచ్చిక మొలుస్తుంది, ఎండాకాలంలో పశువులకు అదే మేత. అందులో పెరిగే జమ్ము చాపలకూ కప్పులకూ పనికొస్తుంది. పైకి కనిపించని పని ఇంకొకటుంది. ఆ తియ్యని నీటి బరువు నేల మీద ఉన్నంతకాలం సముద్రపు ఉప్పునీరు బావుల్లోకి చొరబడదు. ఉద్దానం కొబ్బరితోటల వేళ్లకు అందేది ఆ భూగర్భజలమే.

ఇంత పని చేస్తున్న నేలను 2640 మెగావాట్ల ప్లాంటుకు ఇవ్వడానికి కాగితాల మీద పనికిరాని భూమిగా చూపించారు. రెవెన్యూ లెక్కలో ఒక దోషముంది: శిస్తు రాని నేల ఉపయోగం లేని నేలగా నమోదవుతుంది. చేప, మేత, జమ్ము, బావినీరు వేరువేరు ఇళ్లకు వేరువేరు నెలల్లో అందుతాయి. ఏ ఒక్క రసీదులోనూ అవన్నీ కలిసి కనిపించవు. మెగావాటు ఒకే అంకెలో కనిపిస్తుంది. 2010 జులై 14న కంపెనీ వాహనాలు పోలీసులతో బీల మీదికి వచ్చినప్పుడు జరిగిన కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది కూడా సరిగ్గా అదే రోజు. తీర్పు ఢిల్లీలో, తూటా సోంపేటలో. మందస అక్కడికి పక్క మండలమే.

ఎనిమిది నెలలు నిండకుండానే, 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో అదే సన్నివేశం. అక్కడి తంపర భూముల్లో, అంటే బీల లాంటి తడినేలల్లో ఇంకో 2640 మెగావాట్ల ప్లాంటు, అక్కడా ఇద్దరు మృతులు. కాస్త దూరంలోనే తేలినీలాపురంలో ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. అవి సైబీరియా నుంచి వస్తాయని చెప్పుకుంటారు గానీ ఈ రెండూ దక్షిణాసియా పక్షులే. ఎక్కడ నీరుంటే అక్కడికి తిరుగుతాయి. కాబట్టి వాటి రాక తంపర నిండిందనడానికి గుర్తు. కట్టడం మొదలైన ఆ ప్లాంటు నుంచి మాత్రం ఒక్క యూనిట్ కరెంటూ రాలేదు.

ఉమ్మడి ఆస్తిని ఎవరూ పట్టించుకోరు, అందరూ దోచుకుంటారు, అందుకే దాన్ని ప్రైవేటుకో ప్రభుత్వానికో అప్పగించాలి అని 1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికన్ చేసిన వాదన చాలాకాలం చలామణీ అయింది. ఎలినార్ ఆస్ట్రమ్ ప్రపంచవ్యాప్తంగా చెరువులు, మేతభూములు, చేపలరేవులు పరిశీలించి, జనం కట్టుబాట్లు పెట్టుకుని వాటిని తరాలపాటు కాపాడుకోగలరని చూపించి 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. మరుసటి ఏడే సోంపేటలో కాల్పులు. కట్టుబాట్లున్న ఉమ్మడి భూమి కూడా హక్కు కాగితం లేకపోతే ఎంత బలహీనమో ఆస్ట్రమ్ పుస్తకాలు చదవకపోయినా బీల ఊళ్లకు తెలిసొచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఉద్దానం అనగానే కిడ్నీ జబ్బు గుర్తొస్తుంది. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో వేల కుటుంబాలను కుంగదీసిన ఆ జబ్బును కూడా పెట్టుబడి ఖాతాలో రాసేయడం తేలిక. పురుగుమందులని, నీళ్లని, ఎండలో పనిచేస్తూ నీరు తాగకపోవడమని రకరకాల అనుమానాలున్నా, శాస్త్రీయంగా కారణం ఖాయం కాలేదు. ఖాయం కానిదాన్ని వాదానికి వాడుకుంటే ఆ రోగులకు మేలేమీ జరగదు. పలాసలో 2023 డిసెంబరులో తెరిచిన 200 పడకల ఆస్పత్రి, హిరమండలం నుంచి పైపుల్లో వచ్చే నీళ్లు వాళ్లకు ఎక్కువ అక్కరకొస్తాయి.

ఉద్దానం జీడితోటల లెక్క మాత్రం స్పష్టంగా చెప్పవచ్చు. జీడిమామిడి పుట్టిల్లు బ్రెజిల్, పోర్చుగీసువాళ్లు తెచ్చారు. ఇప్పుడు పలాసలో అదే బతుకుతెరువు. పిక్కలను ఉడికించి, ఆడవాళ్లు వరసగా కూర్చుని ఒక్కోటీ కొట్టి పప్పు తీస్తారు. తొక్కలోని జిడ్డు తగిలి వేళ్లు నల్లబడతాయి, చర్మం ఊడుతుంది. తర్వాత పొట్టు తీయడం, ఏరడం. డబ్బా మీద డబ్ల్యూ-240, డబ్ల్యూ-320 అని ఉంటుంది, అంటే ఒక పౌనుకు అన్ని పప్పులు తూగుతాయని. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధర ఎక్కువ. ఆ అంకెలోకి చేరాక అది ఉద్దానం పప్పో ఐవరీకోస్టు పప్పో ఎవరూ అడగరు. అందుకే ఆఫ్రికా నుంచి చవక పిక్కలు దిగిన ఏడాది పలాస రైతు 80 కిలోల బస్తా ధర కోసం రోడ్డెక్కాల్సి వస్తుంది. ప్రపంచంలో ఎక్కువ జీడిపప్పు తయారుచేసేది ఇప్పుడు వియత్నాం, ధర మీద దాని పట్టు కూడా ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి లక్షల కొబ్బరి, జీడి చెట్లను పడగొట్టింది. ప్రపంచ బజారులో జీడిపప్పు ధర ఆ దెబ్బకు కదలలేదు. కొబ్బరి మొక్క మళ్లీ కాపుకు రావడానికి ఐదారేళ్లు పైనే పడుతుంది. ఆ ఏళ్లలో తోట రైతు హైదరాబాదులోనో చెన్నైలోనో వాచ్‌మన్.

సముద్రం మీద కూడా ఇదే తంతు. తెప్పల మీద వేటాడే ఊళ్ల ముందు నుంచి ట్రాలర్లు అడుగు ఊడ్చే వలలు లాగుతాయి. రొయ్య కోసం లాగిన వలలో పిల్లచేపలు, ఆలివ్ రిడ్లే తాబేళ్లు కూడా పడి చస్తాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం వల్ల చేపకు కాస్త ఊపిరి దొరుకుతుంది గానీ మిగతా పది నెలల పద్ధతి మారదు. దగ్గర్లో చేప లేక ఈ రెండు జిల్లాల మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్‌కు వెళ్లి బోట్లలో కూలీలుగా చేరుతున్నారు. 2018 నవంబరులో అలా వెళ్లినవాళ్లు సరిహద్దు దాటారని పాకిస్తాన్‌కు పట్టుబడితే, 2020 జనవరి దాకా విడుదల కాలేదు. రంగూన్ వెళ్లినవాళ్ల మునిమనవల తరం ఇది.

ఇప్పుడు సంతబొమ్మాళి మండలంలోనే, నౌపడ ఉప్పుమళ్లకు, కాకరాపల్లి తంపరకు దగ్గర్లో మూలపేట ఓడరేవు లేస్తోంది. 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది, మొదటి అంచనా రూ.4,300 కోట్లకు పైనే. మూలపేట, విష్ణుచక్రం ఊళ్లను నౌపడ వైపు తరలించే ఏర్పాటు చేశారు. ఇళ్లకు, భూములకు పరిహారం లెక్క ఉంది, దాని మీద బేరాలూ ఉన్నాయి. లెక్కలోకి తేలిగ్గా రానిది ఇసుక. తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోస్తాయి. సముద్రంలోకి రాతికట్ట కడితే దక్షిణం వైపు ఇసుక మేట వేస్తుంది, ఉత్తరం వైపు ఒడ్డు కోసుకుపోతుంది. విశాఖలో రేవు కట్టాక ఇదే జరిగింది. పోర్టు తవ్వితీసిన ఇసుకను ఆర్కే బీచ్ వైపు పోయడం దశాబ్దాలుగా సాగుతోంది. విశాఖ బీచ్ నగరం ముఖం కాబట్టి ఆ ఖర్చు పెట్టడానికి ఎవరో ఒకరున్నారు. మూలపేటకు ఉత్తరాన ఉన్నవి భావనపాడు, వజ్రపుకొత్తూరు వైపు మత్స్యకార పల్లెలు. అక్కడి ఒడ్డును కట్ట పూర్తికాక ముందే కొలిచి, ఏటా పోయాల్సిన ఇసుక ఖర్చు పోర్టు పద్దులోనే రాయిస్తే ఒక పద్ధతి. రాయించకపోతే ఆ ఖర్చు పల్లెవాళ్ల తెప్పలు లంగరేసే చోటు మీద, వలలు ఆరేసుకునే మేర మీద పడుతుంది.